టీవీ మూడు వందల కరెంటు తింటుందా?

అద్దె 2,500. నీళ్ళకు 100. టీవీకి 300.

పోయిన జూలైలో మన విద్యార్థి ఒకడు నా చేతిలో పెట్టిన చీటీ ఇది. ధర్మవరం పిల్లవాడు, మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చినవాడు. మరి ముగ్గురితో కలిసి హిందూపురంలో ఒక గది తీసుకున్నాడు. లైటుకూ ఫ్యానుకూ అయ్యే కరెంటు అద్దెలోనే కలిసి ఉంది. టీవీ పెట్టుకుంటే మాత్రం నెలకు మరో మూడు వందలు అని ఇంటామె షరతు. "సార్, మీరు ఫిజిక్సు చెప్తారు గదా, ఒక టీవీ నెలకు మూడు వందల కరెంటు తింటుందా?" అని అడిగినాడు.

ఓమ్ సూత్రం కొన్ని వందల సార్లు నల్లబల్ల మీద రాసినవాణ్ణి నేను. నాకు వెంటనే జవాబు రాలేదు.

వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, సాహిత్యం మీదనో యువత కర్తవ్యం మీదనో రాస్తానని అనుకొని ఉంటాడు. మన్నించాలి. ఇంటి మీటరు చదవడం కూడా యువత కర్తవ్యాల్లో ఒకటని నా అభిప్రాయం. మన విద్యార్థుల్లో సగం మంది గదుల్లో ఉండేవాళ్ళే. రైలెక్కి పెనుకొండ నుంచీ ధర్మవరం నుంచీ రోజూ వచ్చిపోయేవాళ్ళ ఇండ్లలోనూ ఈ టీవీ తగాదా ఏదో ఒక రూపంలో ఉన్నదే.

ముందు లెక్క చూద్దాం. వాట్లను గంటలతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. అంతకు మించి ఇందులో శాస్త్రం లేదు. ఆ గదిలోది 32 అంగుళాల ఎల్.ఇ.డి. టీవీ, వెనక అంటించిన చీటీ మీద 50 వాట్లని ఉంది. నలుగురూ కలిసి రోజుకు అయిదు గంటలు చూస్తారట (పరీక్షలప్పుడు తక్కువ, క్రికెట్టప్పుడు ఎక్కువ, సగటున అయిదు అనుకొందాం). రోజుకు 250 వాట్-గంటలు, ముప్పై రోజులకు 7,500. అంటే ఏడున్నర యూనిట్లు. "ఇంతేనా సార్?" అన్నాడు. మొహం వెలిగింది.

అంతే కాదు. టీవీ పక్కన సెట్టాప్ బాక్సు ఒకటుంది గదా. దాని అడుగున రాసి ఉన్నదాన్ని బట్టీ, తరువాత కొలిచి చూసినదాన్ని బట్టీ పది వాట్లు. పది వాట్లు ఒక లెక్కలోనిదా అనిపిస్తుంది. కానీ రిమోటుతో ఆపితే టీవీలో బొమ్మ పోతుంది తప్ప, చాలా బాక్సుల్లో లోపలి పని ఆగదు. ఎర్రలైటు వేసుకొని ఇంచుమించు అంతే కరెంటు తాగుతూ కూర్చుంటాయి. గోడ మీది స్విచ్చి ఆపనంత కాలం ఇరవై నాలుగు గంటలూ నడిచినట్టే. పది వాట్లు, ఇరవై నాలుగు గంటలు, ముప్పై రోజులు: 7.2 యూనిట్లు. ఆ అరచేతి డబ్బా నెల మొత్తం మీద తినేదీ, అంత పెద్ద టీవీ తినేదీ దాదాపు సమానం! గోడ స్విచ్చి ఆపడం అలవాటైతే బాక్సు ఖర్చు ఒకటిన్నర యూనిట్లకు దిగుతుంది. మా ఇంట్లో ఆ డబ్బా ఏండ్ల తరబడి ఆరకుండా వెలుగుతూనే ఉందని ఆ రాత్రే గమనించినాను. ఇంట్లో ఈ మాట చెప్పలేదు.

చీటీ మీద రాసిన వాట్లను నమ్మని వారు మీటరునే అడగవచ్చు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖాన ఒక చిన్న ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. యూనిట్టుకు ఎన్ని మిణుకులో దాని పక్కనే రాసి ఉంటుంది, చాలా వాటి మీద 3,200 అని. ఇంట్లో మిగతావన్నీ ఆపి, టీవీ ఒక్కటే పెట్టి, పదిహేను నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి. 40 వస్తే ఆ టీవీ 50 వాట్లది. మేము చదువుకొనేనాడు మీటర్లో అల్యూమినియం చక్రం తిరిగేది, దాని మీది నల్లగీత ఎన్నిసార్లు వచ్చిందో చూసి ఇదే లెక్క చేసేవాళ్ళం. ఆ చక్రానికి ఒక గౌరవం ఉండేది. ఇంట్లో ఎక్కువ కరెంటు కాలితే పరుగెత్తేది, అది చూసి మా అబ్బ లైట్లు ఆపించేవాడు.

ఆ రోజుల మాట వచ్చింది గనుక చెబుతాను. టీవీ మీద అనుమానం ఈనాటిది కాదు. హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైంది, బెంగుళూరులో 1981లో. 1987 జనవరిలో రామాయణం మొదలైనప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. పెనుకొండలో మా వీధికంతటికీ ఒకే టీవీ. ఆదివారం పొద్దున ఆ ఇంటి వసారా నిండి, జనం కిటికీ ఊచలు పట్టుకొని చూసేవారు. ఆ ఇంటి పెద్దాయన ఒకరోజు, "ఊరికంతా ఉచితంగా చూపిస్తాండాను, కరెంటు బిల్లు నాకొక్కడికే వస్తాండాది" అని గొణిగినాడు. మరుసటి వారం నుంచి మా అవ్వ నా చేత ఆ ఇంటికి ఒక గిద్దెడు నూనె పంపేది. అప్పటి నలుపు-తెలుపు ట్రాన్సిస్టరు సెట్టు ఏ అరవై వాట్లో ఉంటుంది. ఒక ఆదివారపు గంటకు యూనిట్టులో పదహారో వంతు. నూనె ధర దానికి ఎన్ని రెట్లో ఇప్పుడు తలచుకొంటే నవ్వొస్తుంది. అంతకు ముందరి వాల్వు సెట్లయితే 150 వాట్లు దాటేవి, దానికి తోడు స్టెబిలైజరు. వాటి విషయంలో ఆ గొణుగుడుకు కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

ఇక యూనిట్టు ధర. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మన రాష్ట్రంలో 2022 మార్చి చివర ప్రకటించిన పట్టిక ప్రకారం ఇంటి వాడకానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6. నాలుగు వందల దాకా 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9.75. ఇవి మెట్ల ధరలు: ఒక మెట్టు దాటితే పైన వాడిన యూనిట్లకే పై ధర, కిందివి కింది ధరకే. "ఒక్క యూనిట్టు ఎక్కువైతే బిల్లంతా మారిపోతుంది" అని మన పెద్దలు భయపెడతారు చూడండి, అది ఇప్పుడు నిజం కాదు. అయితే వాళ్ళు కల్పించి చెప్పినదీ కాదు. 2022కు ముందు వినియోగదారులు మూడు వర్గాలుగా ఉండేవారు, ఒక వర్గం నుంచి పై వర్గంలో పడితే మొదటి యూనిట్ల ధర కూడా మారేది. పాత భయం కొత్త పట్టికలోకి వచ్చి కూర్చుంది, అంతే. దీనిపైన ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం అంటూ యూనిట్టుకు కొన్ని పైసలు పడతాయి. లెక్క తేలిక కావడానికి వాటిని వదిలేస్తున్నాను. ధరలు మారిన రోజు ఈ అంకెలు తీసేసి కొత్తవి వేసుకోవచ్చు, పద్ధతి మారదు.

ఇప్పుడు అదే టీవీని, అదే బాక్సుతో, అదే అయిదు గంటలు వేర్వేరు ఇండ్లలో పెట్టి చూడండి. రెండూ కలిసి 14.7 యూనిట్లు. పెనుకొండ దగ్గర పల్లెలో రెండు లైట్లు, ఒక ఫ్యానుతో నెలకు 20 యూనిట్లు మాత్రమే కాలే ఇంట్లో ఈ టీవీ ఖర్చు 33 రూపాయలు. 60 యూనిట్ల ఇంట్లో 44. 110 యూనిట్ల ఇంట్లో 66. ఫ్రిడ్జి, నీళ్ళ మోటారు, గీజరు ఉండి మూడు వందలు కాలే ఇంట్లో 129 రూపాయలు. టీవీ ఒకటే, చూసిన సినిమా ఒకటే, ధర మాత్రం నాలుగింతలు. అందుకే "టీవీకి నెలకు ఎంతవుతుంది" అని నన్నడిగితే "ఎవరి మీటరు మీద?" అని ఎదురు అడగవలసి వస్తుంది.

మూడు వందలు తినే టీవీ లోకంలో లేదని కాదు. 55 అంగుళాలది, 130 వాట్లది, రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 31 యూనిట్లు. పై మెట్టు ధరకు 273 రూపాయలు. అది ఉన్న ఇల్లు దాన్ని గురించి గొణగదు.

ఇంత లెక్క కాగితం మీద వేసుకొని, ఇంటామెకు నాలుగు మాటలు గట్టిగానే చెబుదామని ఒక ఆదివారం ఆ పిల్లవాడితో వెళ్ళినాను. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త చింతపండు వ్యాపారంలో గుమాస్తాగా చేసి పోయినాడు. ఇల్లు, ఇంటి వెనక ఇచ్చిన రెండు గదులు, అదే ఆమె బతుకు. కాఫీ ఇచ్చింది. టీవీ సంగతి ఎత్తగానే లోపలికి పోయి బిల్లుల కట్ట తెచ్చి నా ముందర వేసింది. "చూడు సార్. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఆరు వందలు దాటేది కాదు. ఈ పిల్లోళ్ళు వచ్చినాక దగ్గర దగ్గర రెండు వేలు. ఇంగ నేనేమి చేయాల? గదుల్లో కొత్తగా వచ్చింది టీవీనే గదా?"

బిల్లు చూస్తే 330 యూనిట్లు. ఆమె సొంత వాడకం 150 ఉంటుంది, గదులు రెండూ చెరి 90. అన్నీ ఒకే మీటరు, ఒకే సర్వీసు నంబరు. అక్కడే కూర్చొని బిల్లు వెనకనే లెక్క వేసినాను. ముగ్గురికీ వేర్వేరు మీటర్లుంటే ఆమెకు 567, గదులకు తలా 259 రూపాయల 50 పైసలు, మొత్తం 1,086. ఒకే మీటరు మీద అవే 330 యూనిట్లకు 1,935 రూపాయల 75 పైసలు. తేడా దాదాపు 850 రూపాయలు. ఒక్క యూనిట్టు ఎక్కువ కాలలేదు. ముగ్గురు చిన్న వాడకందారులు ఒక పెద్ద వాడకందారుడి వేషం వేసినందుకు కట్టే సొమ్ము అది.

నాలుగు మాటలు గట్టిగా చెప్పాలని పోయినవాణ్ణి నోరు మూసుకొన్నాను. పిల్లల టీవీ సొంత మీటరు మీద 66 రూపాయలది, ఈ మీటరు మీద 129 రూపాయలది. ఆమె తీసుకొంటున్నది 300. దురాశ అనడానికి నాకు నోరు రాలేదు. తన బిల్లులో కనిపించని ఒక రంధ్రం ఉంది, దాన్ని కనిపించే వస్తువుతో పూడ్చుకొంటోంది. ఆ వస్తువు టీవీ అయింది.

టీవీయే ఎందుకయింది? ఇది నా అభిప్రాయం, కాదనేవారు కాదనవచ్చు. ఇంట్లో సుఖమిచ్చే వస్తువు మీదనే మనకు అనుమానం. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు, టీవీ-బాక్సు జంటకు దాదాపు రెండింతలు. ఫ్యానును ఎవరూ తిట్టరు. రెండు వేల వాట్ల గీజరు రోజుకు అరగంట పెడితే 30 యూనిట్లు. దాన్నీ తిట్టరు, అది స్నానం, అవసరం. రాత్రి వంట ముగించి అమ్మ ఒక గంట సీరియల్ పెట్టుకొంటే మాత్రం, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని లోపలి నుంచి గొంతు వినబడుతుంది. ఆ గంటకు నెలంతా కలిపి అయ్యేది ఒకటిన్నర యూనిట్లు. మూడు రూపాయల మెట్టులో నాలుగున్నర రూపాయలు. ఆ గొంతు గలవాడు బజారులో తాగే ఒక్క టీ దానికన్నా ఖరీదు. మన విద్యార్థినులు ఈ ఒక్క లెక్కను ఇంటికి తీసుకుపోయినా నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ధర్మవరంలో సంగతి వేరు. ఆ పిల్లవాడి ఇంటికీ ఒకసారి పోయినాను. ముందు గదిలో గుంత మగ్గం, దాని మీద జకార్డు, ఎదురు గోడకు టీవీ. పొద్దున ఏడింటికి పెడితే రాత్రి ఏడింటి దాకా నడుస్తూనే ఉంటుంది. చూసేవారు లేరు. వాళ్ళ అబ్బ కన్ను పోగు మీదనే ఉంటుంది, చెవి మాత్రం పాత సినిమా పాటల మీద. వాళ్ళమ్మ కండెలు చుడుతూ మధ్యమధ్య తలెత్తుతుంది. "అది లేకుంటే చేయి సాగదు సార్" అన్నాడాయన. పన్నెండు గంటల టీవీ 18 యూనిట్లు, బాక్సుతో కలిపి 25. మిగతా వాడకం 70 ఉన్న ఇంట్లో ఇది 106 రూపాయలు. నేను బొమ్మ ఆపి పాట మాత్రం ఉంచుకొనే మీట వాళ్ళ టీవీలో ఉందేమో వెదికి పెట్టినాను. ఎల్.ఇ.డి. టీవీలో కరెంటు ఎక్కువగా కాలేది తెర వెనకటి వెలుగుకే. బొమ్మ ఆపితే ఖర్చు బాగా దిగుతుంది, వెలుగు తగ్గించినా దిగుతుంది. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ఆమె తలెత్తినప్పుడు బొమ్మ ఉండాలి గదా! న్యాయమే.

2025లో రాష్ట్ర ప్రభుత్వం చేనేత మగ్గాలకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని ప్రకటించింది. మంచిదే. కానీ ధర్మవరంలో మగ్గాలన్నీ సొంత ఇండ్లలో లేవు. మగ్గం నేతగాడిది, మీటరు ఇంటి యజమాని పేరు మీదిది అయినచోట ఆ యూనిట్లు ఎవరి చేతికి వస్తాయి? 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన సూర్యఘర్ పథకమూ అంతే. మూడు కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తారు, ఇంటికప్పు ఉన్నవారికి. మన జిల్లాలోనే ఎన్.పి.కుంటలో మైళ్ళకొద్దీ సౌర పలకలు, రామగిరి కొండల మీద గాలిమరలు. అద్దెకున్నవాడికి ఆ ఎండా తనది కాదు, ఆ గాలీ తనది కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ నడక మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కూడా ఒక్క మీటరు కింద నాలుగైదు గదులు వేసి అద్దెకివ్వడం చూస్తున్నాను. ఆ గదుల్లో చేరుతున్నవాళ్ళు మన పాత విద్యార్థులే.

ఇక్కడ ఒక పొరపాటును దిద్దవలసి ఉంది. గదికొక చిన్న సబ్ మీటరు పెట్టిస్తే సరిపోతుందని చాలామంది అనుకొంటారు. అది ఎవరెంత కాల్చినారో చెబుతుందే తప్ప మెట్టు ధరను ఒక్క పైసా తగ్గించదు. తగ్గాలంటే వేరే సర్వీసు నంబరు కావాలి. కరెంటు కనెక్షను అడిగే హక్కు ఇంటి యజమానికే కాదు, అందులో కాపురమున్నవారికి కూడా ఉందని 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షను చెబుతోంది. చట్టం ఉంది గదా అని పిల్లలు ఇంటామెతో పోట్లాటకు దిగితే మరుసటి నెల గది ఖాళీ చేయవలసిందే. అందరూ కూర్చొని లెక్క చూస్తేనే పని. మన విద్యార్థి సంఘం వారు ప్లగ్గులో పెట్టి వాట్లు చూపే చిన్న మీటరొకటి కొని, కావలసినవారికి రెండు రోజులు అరువిచ్చే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. వార్షికోత్సవంలో షామియానాకు పెట్టే ఖర్చులో అది ఏ మూలకు?

హిందూపురం ఇంటికి మళ్ళీ వస్తే, ఆ రోజు ఇంటామె చాలాసేపు కాగితం వంక చూసి, "అయితే ఈ ఎనిమిది వందల యాభై ఎవరూ తినకుండానే పోతాండాదా?" అంది. పోతాండాది అన్నాను. గదులకు వేరే సర్వీసు పెట్టించడానికి ఆమె ఒప్పుకొంది. తీరా చూస్తే ఇల్లు ఇంకా పోయినాయన పేరు మీదనే ఉంది. ముందు అది ఆమె పేరుకు మారాలి, దానికి కొడుకు సంతకం కావాలి, కొడుకు బెంగుళూరులో ఉన్నాడు, దసరాకు వస్తాడు. అందాకా టీవీకి నెలకు 130 అని మాట కుదిరింది. పిల్లలు రాత్రి గోడ స్విచ్చి ఆపుతామన్నారు. లేచి వస్తుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, "సార్, ఆ ఫ్రిజ్జు లెక్క కూడా చూసి పోరాదా?" అంది. అది ఇరవై ఏండ్ల నాటిదట.